అందరూ ‘బాగుందండి’ అంటున్నారు, ఎవరూ వాడటం లేదు

భీమవరం నుంచి 31 ఏళ్ల పాఠకురాలు ఒకరు రాసిన ఎనిమిది పేజీల ఉత్తరానికి ఈసారి సమాధానం ఇస్తున్నాను. తన పేరూ, తాను పనిచేసే సంస్థ పేరూ బయటపెట్టవద్దని కోరారు కనుక ఆ రెండూ వదిలి, సారాంశం మాత్రం ముందుగా చెబుతాను.

ఆమె స్థానికంగానే ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశారు. భర్తకు భీమవరంలో బ్యాంకు ఉద్యోగం, ఇంట్లో మూడేళ్ల పాప. అందువల్ల రెండేళ్ల క్రితం తిరిగి వచ్చి, రొయ్యల రైతుల కోసం యాప్ తయారుచేసే ఒక చిన్న సంస్థలో టెస్టర్‌గా చేరారు. ఏ చెరువుకు ఏ పూట ఎంత మేత వేశారు, నీటి పరీక్షలో ఏమి వచ్చింది, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) ఎంతకు వచ్చింది, ఖర్చు ఎంతయింది అన్నవి రైతు అందులో నమోదు చేసుకోవచ్చు. యాప్ ఉచితం, దాని ద్వారా రైతులు కొనే మేత, మందుల మీద వచ్చే కమిషనే సంస్థకు ఆదాయం. నాలుగు నెలల క్రితం యజమాని ఆమెను పిలిచి, “చెరువుల సంగతి నీకు తెలుసు, సాఫ్ట్‌వేరూ తెలుసు, ఇవాళ్టి నుంచి నువ్వే మన ప్రోడక్ట్ మేనేజర్‌వి” అన్నారట. జీతం కొద్దిగా పెరిగింది. ప్రోడక్ట్ మేనేజర్ అంటే యాప్‌లో ఏది తయారుచేయాలో, ఏది ముందో, ఏది వద్దో తేల్చే మనిషి. ఆమె విషయంలో ఆ పని ఏమిటో కాగితం మీద ఎవరూ రాయలేదు.

అక్కడి నుంచి చిక్కులు మొదలయ్యాయి. ఫోటో తీస్తే రొయ్యకు వచ్చిన జబ్బు చెప్పే ఫీచర్ వెంటనే కావాలని యజమాని పట్టుపడుతున్నారు. అమ్మకాల కుర్రవాళ్లు ఊళ్లలో తిరుగుతూ వచ్చే నెల ధరలు ముందే చెప్పే సౌకర్యం వస్తుందని మాట ఇచ్చేస్తున్నారు. హైదరాబాదులో ఉన్న ఐదుగురు డెవలపర్లు “క్లియర్‌గా రాసి పంపండి” అంటారు. రాసి పంపితే “ఈ నెలలో అవ్వదు” అంటారు. యాప్‌ను 1,140 మంది ఫోనులో వేసుకున్నారు; గడిచిన వారంలో ఒక్కసారైనా ఏదో ఒకటి నమోదు చేసినవారు 85 మంది. కారణం తెలుసుకుందామని ఆమె పన్నెండు మంది రైతుల దగ్గరకు వెళ్లారు. అందరూ కుర్చీ వేసి, కొబ్బరిబొండాం కొట్టించి ఇచ్చి, “ఆయ్, చాలా బాగుందండి మీ యాప్పు” అన్నారు. తిరిగి వచ్చి చూసుకుంటే ఆ పన్నెండు మందిలో ఏడుగురు ఆ నెలంతా యాప్ తెరవనే లేదు.

ఆకివీడు దగ్గర ఆరెకరాల చెరువులు చేస్తున్న తండ్రిగారు ఆమె పనిని ఒక్క ముక్కలో తేల్చేశారట: “పని చేయించే అధికారం లేదు గానీ, తప్పు జరిగితే మాట పడేది మాత్రం నువ్వే.” ఈ మాట ఆమెను బాగా తొలిచింది. మూడు లక్షల రూపాయలు అప్పు చేసి ఆన్‌లైన్‌లో ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ కోర్సు చేయాలా, దానికి ఫీజు కట్టే గడువు 20వ తేదీ. లేక హైదరాబాదులోని పాత సంస్థ ఇస్తామంటున్న టెస్టింగ్ లీడ్ ఉద్యోగానికి వెళ్లిపోవాలా. అసలు ఈ పనిలో నిలదొక్కుకోవడానికి ఏ నైపుణ్యాలు కావాలి, అవి తనలో ఉన్నాయా. ఇంగ్లిషు అంతంతమాత్రమే అయినవాళ్లకు ఇందులో చోటుందా. ఇవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో ఐదో పేజీలో, ఏదో గుర్తొచ్చినట్టుగా ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు. ఒక చెరువు గట్టు మీద షెడ్డులో, ఏరియేటర్ల (చెరువు నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాల) స్టార్టర్ పెట్టె మూత లోపలివైపు, శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే కాపురముంటున్న పనివాడు సుద్దముక్కతో గీతలు గీసి పెట్టుకున్నాడని, పూటకు ఒక గీత, పక్కన కిలోల అంకె, పొద్దున్నే భీమవరం నుంచి యజమాని ఫోన్ చేస్తే ఆ మూత తెరిచి చదివి వినిపిస్తాడని రాశారు. నాలుగు నెలల్లో మీరు చేసిన అతి విలువైన పని ఆ మూతను చూడటమే. మీరు దాన్ని పనిగా లెక్కవేసుకోలేదు.

ఆ మూత ఏమి చెబుతోందో చూడండి. మీ మేత నమోదు తెరలో పద్నాలుగు గడులున్నాయని మీరే రాశారు. యాప్ వేసుకున్నది చెరువు యజమాని. రోజుకు నాలుగు పూటలు మేత చల్లేది, రెండు గంటల తరువాత చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందో లేదో చూసేది పనివాడు. అతని చేతులు తడిగా ఉంటాయి, మేత పొడి అంటుకుని ఉంటుంది, అతని దగ్గరున్నది మీటల ఫోను. యాప్ ఉన్నవాడి దగ్గర సమాచారం లేదు, సమాచారం ఉన్నవాడి దగ్గర యాప్ లేదు. ఈ ఇద్దరినీ కలుపుతున్నది పొద్దున్నే వెళ్లే ఆ ఫోన్ కాల్. ఇప్పుడు మీకు కనీసం మూడు దారులు కనిపిస్తాయి: ఆ కాల్ అయిన వెంటనే యజమాని చెరువుకు ఒక్క అంకె చొప్పున కొట్టేసేలా తెరను కుదించడం, పనివాడు మాటల్లో చెబితే నమోదయ్యేలా చేయడం, లేదా అసలు ఈ నమోదు జోలికే వెళ్లకుండా వేరే సమస్య పట్టుకోవడం. ఏది సరైనదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. అయితే 1,140 అన్న అంకె ఎందుకు 85కు జారిందో ఒక ఊహ మీ చేతికి వచ్చింది, దాన్ని మరో పది చెరువుల మీద పరీక్షించి చూడవచ్చు. ప్రోడక్ట్ మేనేజర్‌కు కావలసిన మొదటి నైపుణ్యం ఏమిటని అడిగారు. ఇదే. మనుషులు చెప్పే మాటకూ చేసే పనికీ మధ్య ఉన్న తేడాను దగ్గరగా వెళ్లి చూడగలగడం.

మన డెల్టాలో ఈ నైపుణ్యం మరికాస్త ఎక్కువ కావాలి. ఇంటికి వచ్చిన మనిషి ముఖం మీద “ఇది నాకు పనికిరాదండి” అనడం మనకు చేతకాదు. పైగా వచ్చింది ఆడపిల్ల, ఫలానా రైతుగారి అమ్మాయి. ఇక “బాగుందండి” తప్ప ఏమంటారు? ఆ మాట మర్యాద. దాన్ని సాక్ష్యంగా రాసుకోవడం మీ పొరపాటు. “ఎలా ఉంది”, “ఇలాంటిది వస్తే వాడతారా” అనే ప్రశ్నలు ఇకమీదట మానేయండి. జరిగిపోయినదాన్ని అడగండి: నిన్న రాత్రి మేత ఎంత వేశారు, ఆ సంగతి మీకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ రాసుకున్నారు? క్రితం పంటలో డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయిన రాత్రి ఏం జరిగింది? తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు చేరే వేళకు కరెంటు పోతే మొదట ఎవరు లేచారు, ఎవరికి ఫోన్ చేశారు? ఇలాంటి ప్రశ్నకు మర్యాద కోసం అబద్ధం చెప్పాలని ఎవరికీ తోచదు, ఎందుకంటే మీ యాప్ ప్రస్తావనే అందులో లేదు. స్కాట్ కుక్ అనే ఆయన 1983లో ఇంట్యూట్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించాక, సరుకు కొన్నవారి వెంట వారి ఇంటికే వెళ్లి, వాడుతుంటే పక్కన నిలబడి చూడటాన్ని సంస్థలో ఒక అలవాటుగా మార్చారు. మీకు అంత దూరం పోనక్కరలేదు. నాన్నగారి చెరువు మీద రెండు రాత్రులు ఉండండి.

ఇక మీ నాన్నగారి మాట దగ్గరకు వస్తాను. ఆయన వెటకారంగా అన్నా, ఈ వృత్తి స్వభావాన్ని అంత క్లుప్తంగా చెప్పినవారిని నేను ఎక్కువమందిని చూడలేదు. 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అనే సబ్బుల కంపెనీలో నీల్ మెక్‌ఎల్‌రాయ్ అనే యువ ఉద్యోగి పైవాళ్లకు ఒక మెమో రాశాడు: ఒక్కొక్క సబ్బుకు పూర్తి బాధ్యుడైన మనిషి ఒకరు ఉండాలి, అమ్మకం ఎక్కడ తగ్గుతోందో, ఎందుకు తగ్గుతోందో అతడే వెతకాలి, దిద్దుబాటు అతడే సూచించాలి అని. ఈనాటి ప్రోడక్ట్ మేనేజర్ వంశవృక్షాన్ని చాలామంది ఆ మెమో నుంచే మొదలుపెడతారు. ఆ పద్ధతిలో ఫ్యాక్టరీ గానీ, అమ్మకాల సిబ్బంది గానీ ఆ బాధ్యుడి చేతికింద ఉండరు. ఈ పనిలో అధికారం లేకపోవడం లోపం కాదు, పని స్వభావమే అది.

మీ విషయంలో మాత్రం సమస్య అక్కడ లేదు. అధికారం లేకపోయినా నిర్ణయం మీదై ఉండాలి, కనీసం నిర్ణయంలో మీ మాట మొదటిదై ఉండాలి. ఈ నాలుగు నెలల్లో మీరు ఏ ఒక్క ఫీచర్‌నైనా వద్దని ఆపగలిగారా? ఉత్తరమంతా రెండుసార్లు వెతికాను, కనిపించలేదు. యజమాని చెప్పినది మీరు రాసి డెవలపర్లకు పంపుతున్నారు, డెవలపర్లు అన్నది తిరిగి యజమానికి మోస్తున్నారు. దీనికి మీ సంస్థలో పెట్టిన పేరు ఏదైనా, జరుగుతున్నది సమన్వయం. అది తక్కువ పని అని నేను అనను, కానీ మీలో ప్రోడక్ట్ మేనేజర్ నైపుణ్యాలు ఉన్నాయో లేవో తేల్చుకునే అవకాశమే మీకు ఇంకా రాలేదు. ఈత రాదేమోనని మీరు బెంగపడుతున్నారు. మిమ్మల్ని ఇంకా కాలువలోకి దిగనివ్వలేదు.

ఇంకొక ముడి ఉంది. దాన్ని మీరు గమనించారో లేదో తెలియదు. మీ యాప్ రైతుకు ఇస్తున్న వాగ్దానం మేత ఖర్చు తగ్గిస్తామని. రొయ్యల సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే కనుక ఆ వాగ్దానానికి బలముంది. ఒక లెక్క వేసి చూడండి. ఎకరానికి రెండు టన్నుల పట్టుబడి వచ్చే చెరువులో కిలో రొయ్యకు 1.4 కిలోల మేత పడుతుంటే ఎకరానికి 2,800 కిలోలు కావాలి, అది 1.3కు దిగితే 2,600 చాలు. ఎకరానికి 200 కిలోలు, అంటే పాతిక కిలోల బస్తాలు ఎనిమిది, మీ నాన్నగారి ఆరెకరాలకు నలభై ఎనిమిది. రైతుకు ఈ విషయాన్ని శాతాల్లో చెబితే తల ఊపుతాడు, బస్తాల్లో చెబితే లేచి కూర్చుంటాడు. కానీ ఆ నలభై ఎనిమిది బస్తాల మీద కమిషన్ పోగొట్టుకునేది మీ సంస్థే కదా! రైతుకు యాప్ ఎంత బాగా పనిచేస్తే సంస్థ ఆదాయం ఒక్కో రైతు మీద అంత తగ్గుతుంది. అందుకే మీ యజమాని మేత నమోదు మీద ఆసక్తి చూపకుండా జబ్బు చెప్పే ఫీచర్ వెంట పడుతున్నారేమో, జబ్బు తేలితే మందులు అమ్ముడవుతాయి కనుక. ఆయన దురుద్దేశంతో చేస్తున్నారని నేను అనడం లేదు. జీతాలు ఇవ్వవలసిన మనిషి అలాగే ఆలోచిస్తాడు. మేత ఆదా అయ్యే రైతు మన దగ్గర ఎక్కువ పంటలు నిలుస్తాడా, అతన్ని చూసి పక్క రైతు వస్తాడా, అలా వస్తే తగ్గిన కమిషన్ పూడుతుందా అన్న లెక్క ఎవరూ వేయలేదు. అది వేయవలసినది మీరు. సంస్థకు డబ్బు ఎక్కడినుంచి వస్తోందో, తాను తయారుచేయించే వస్తువు ఆ డబ్బును పెంచుతుందో తుంచుతుందో తెలుసుకోని ప్రోడక్ట్ మేనేజర్ ఎంత బాగా తెరలు గీసినా యజమాని ఎదుట నోరు విప్పలేదు.

జబ్బు ఫోటో గురించి కూడా ఒక మాట. దాన్ని ఆపాలా, కట్టాలా అన్నది మీ సంస్థ నిర్ణయం, కానీ మీ తండ్రిగారిని ఒక పూట కూర్చోబెట్టి అడిగితే మీకే సరంజామా దొరుకుతుంది. తెల్లమచ్చ జబ్బు రొయ్య పెంకు మీద కంటికి కనిపించే నాటికి చెరువు చాలావరకు చేయిదాటి ఉంటుంది. ఎదుగుదలను దెబ్బతీసే ఇ.హెచ్.పి. వంటిది ఫోటోలో తేలదు, ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేయించాలి. యాప్ తప్పుగా జబ్బు ఉందని చెబితే రైతు భయపడి నూరు కౌంట్‌లోనే చెరువు పట్టేస్తాడు. లేదని తప్పుగా చెబితే పంట పోతుంది. రెండు తప్పులకూ జవాబుదారీ ఎవరు? ఇక్కడ మీ ఆరేళ్ల టెస్టింగ్ బుద్ధి ఎంతో పనికొస్తుంది. ఏది ఎప్పుడు విఫలమవుతుంది, విఫలమైతే ఎవరి మీద పడుతుంది అని ముందుగా ఊహించడం మీకు అలవాటు. చాలామంది ప్రోడక్ట్ మేనేజర్లు ఈ బుద్ధి లేకుండానే ఈ వృత్తిలోకి వస్తారు.

టెస్టింగ్ నుంచి వచ్చినవారిలో ఒక లోటు కూడా ఉంటుంది, దాపరికం లేకుండా చెబుతాను. కట్టినది సరిగ్గా కట్టారా అని వెతకడం మీకు తెలుసు. కట్టవలసినదే కట్టారా అన్న ప్రశ్న అడగడానికి మీ పాత ఉద్యోగం మీకు అవకాశమివ్వలేదు. ఆ అలవాటు మీ ఉత్తరంలో కూడా కనిపిస్తోంది. డెవలపర్లకు మీరు పంపుతున్న పత్రాల్లో ఏ తెర మీద ఏ మీట ఏ రంగులో ఉండాలో కూడా రాస్తున్నానని గర్వంగా చెప్పారు. వారికి కావలసిన ‘క్లియర్’ అది కాకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపిస్తే మంచి బగ్ రిపోర్టు ఎలా రాసేవారో గుర్తు చేసుకోండి: జరగవలసినది ఏమిటి, జరుగుతున్నది ఏమిటి, కళ్లారా చూడాలంటే ఏం చేయాలి. సమస్యను కూడా అదే పద్ధతిలో ఒక్క పేజీలో రాయండి. ‘పొద్దున్న ఆరింటికి యజమాని ఫోన్ చేసి మూడు చెరువుల అంకెలు వింటాడు, వాటిని గుర్తుంచుకోలేడు, సాయంత్రానికి మరిచిపోతాడు, నెల తిరిగేసరికి ఎంత మేత పోసిందీ తెలియక దుకాణం బిల్లు మీద ఆధారపడతాడు’ అని రాసి, పరిష్కారం ఏమిటో వారినే అడగండి. తెర గీసే పని వారికి ఇచ్చినప్పుడు “ఈ నెలలో అవ్వదు” అన్న మాట “ఇలా చేస్తే వారంలో అవుతుంది” గా మారడం నేను చాలాసార్లు చూశాను. వీలైతే ఆ ఐదుగురిలో ఒకరిని నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి ఇక్కడికి రప్పించి ఒక రాత్రి గట్టు మీద కూర్చోబెట్టండి. దోమలు కుడతాయి. అంతకు మించిన పత్రం మీరు రాయలేరు.

లెక్కల విషయం క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే అది నేర్చుకోవడం తేలిక. డేటాబేస్‌లోంచి మీకు కావలసిన అంకెలు మీరే తీసుకునేంత ఎస్‌క్యూఎల్ రావాలి. రోజుకు గంట చొప్పున నెల కూర్చుంటే వస్తుంది, డబ్బు ఖర్చు లేదు. వేసుకున్నవారి సంఖ్యను పక్కనబెట్టి, సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా ఆపకుండా వాడినవారు ఎంతమంది అన్నది చూడండి. మీ వ్యాపారంలో నెలకన్నా పంటే సరైన కొలత.

వద్దని చెప్పడం దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. చాలా ఏళ్ల కిందట, ధాన్యం మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసే ఒక సంస్థలో నేను ఈ పనికి కొత్త. ఎవరేమి అడిగినా నా నోట వచ్చే జవాబు “చూద్దాం”. నా మనసులో దాని అర్థం ‘కుదరదు, కానీ మీ మనసు నొప్పించలేను’. విన్నవారికి దాని అర్థం ‘అవుతుంది, కాస్త ఆగండి’. ఏడాది తిరిగేసరికి ముగ్గురు పెద్ద మిల్లుల వాళ్లు వచ్చి, మీరు చూద్దామన్నారు కదా అని డబ్బు కట్టడం ఆపేశారు. నా పుస్తకంలో అలాంటి ‘చూద్దాం’లు లెక్క పెడితే నలభై మూడు తేలాయి. అమ్మకాలవాళ్లు ధరల ఫీచర్ గురించి మాట ఇచ్చేస్తున్నారని మీరు బాధపడ్డారు; వాళ్లు మొదట మిమ్మల్ని అడిగారా, అడిగితే మీరేమన్నారు అన్నది ఉత్తరంలో లేదు. నాకెందుకో అనుమానం.

దీనికి మన కాలువల కింద ఉన్న పద్ధతే నాకు ఆదర్శంగా తోస్తుంది. కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ తరువాత అక్కడ బ్యారేజీ వచ్చింది, అయినా దాళ్వాలో, అంటే రెండో పంటకు, నది సన్నగిల్లిన ఏడాది అందరికీ ఒకేసారి నీరు ఇవ్వడం ఎవరివల్లా కాదు. అందుకని వంతులు పెడతారు. ఏ కాలువకు ఏ రోజుల్లో నీరు వస్తుందో ముందే చెబుతారు. జనం గొణుగుతారు, గొడవ పడతారు, కానీ తన వంతు ఎప్పుడో తెలిసిన రైతు దమ్ము వాయిదా వేసుకుని ఓపిక పడతాడు. డెవలపర్ల సమయం కూడా అలాంటి నీరే. ఏ రెండు పనులు ఇప్పుడు, ఏవి తరువాత, ఏవి అసలే లేవు అన్నది ఒక్క కాగితం మీద రాసి, కారణంతో సహా యజమానికీ అమ్మకాలవారికీ ముందే చూపించండి. వంతు పెట్టేటప్పుడు కాలువ చివరనున్న శివారు భూములను కూడా గుర్తుంచుకోవాలి. లాకు పక్కన చేను ఉన్నవాడి కేక ఎప్పుడూ గట్టిగానే వినిపిస్తుంది. నలభై ఎకరాల రైతు నేరుగా మీ యజమానికి ఫోన్ చేయగలడు. రెండెకరాల కౌలు రైతు మీ యాప్ తీసేసి ఊరుకుంటాడు, మీకు చెప్పడు. ఆ 1,055 మందిలో ఎక్కువమంది అలాంటివారే అయి ఉండవచ్చు. వెళ్లి చూస్తే గాని తెలియదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు, వాటి పర్యవసానాలు.

మూడు లక్షల కోర్సు వల్ల మీకు ఈ వృత్తి పరిభాష వస్తుంది, పదిమంది పరిచయమవుతారు, వేరే నగరంలో ఇంటర్వ్యూకు పిలుపు రావడానికి కొంత పనికి రావచ్చు. రైతులతో మాట్లాడటం, వద్దని చెప్పడం, యజమాని ఎదుట లెక్క పెట్టడం వీడియోలు చూసి వచ్చేవి కావు. పైగా అప్పు నెత్తిన ఉన్న మనిషి ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో యజమాని చెప్పినదానికల్లా తలూపుతాడు. మీకు ఇప్పుడు కావలసిన ధైర్యాన్ని ఆ అప్పే తినేస్తుంది. మీకు చేయాలనే ఉంటే, ఈ గడువు వదిలేసి మరో విడతకు చేరవచ్చు. ఇలాంటి కోర్సులకు 20వ తేదీలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి.

టెస్టింగ్ లీడ్‌గా హైదరాబాదు వెళితే జీతం నిలకడగా ఉంటుంది, మీకు బాగా తెలిసిన పని, ఓడిపోయానన్న చింత కూడా అక్కరలేదు. అయితే పాపను, భర్తగారి ఉద్యోగాన్ని ఏం చేయాలన్నది మీరిద్దరూ తేల్చుకోవలసిన విషయం. ఉత్తరంలో దాని గురించి సగం వాక్యమే ఉంది, ఆ సగం వాక్యం నన్ను కలవరపెట్టింది. ఆ ఉద్యోగానికి వెళ్లేట్టయితే ఆ పని ఇష్టమై వెళ్లండి. ఇక్కడి చికాకు భరించలేక వెళితే రెండేళ్లకు ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు.

ఉన్నచోటే ఉండి, ఇప్పటిలాగే నెట్టుకుపోవడం మూడో దారి. చాలామంది ఇదే ఎంచుకుంటారు, ఎందుకంటే ఎంచుకున్నట్టు అనిపించదు. ఏడాది తరువాత మీ చేతిలో హోదా పేరు ఉంటుంది, చెప్పుకోవడానికి ఒక్క నిర్ణయం ఉండదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే అది బయటపడుతుంది.

నాలుగోది, ఉన్నచోటే ఉంటూ బేరం ఆడటం. యజమానిని ఒక గంట సమయం అడిగి, ఒక పంటకాలం, అంటే సుమారు నాలుగు నెలలు, ఒకే ఒక అంకెకు మీరు జవాబుదారీ అని రాసిచ్చే ప్రయోగం. సీడ్ వేసినది మొదలు పట్టుబడి దాకా వాడే రైతుల సంఖ్య ఆ అంకె కావచ్చు. ప్రతిగా, ఆ నాలుగు నెలలు డెవలపర్ల పనిలో ఏది ముందో చెప్పే మాట మీదై ఉండాలి. జబ్బు ఫోటో ఆ తరువాతి వంతు. ఇందులో నష్టం కూడా ఉంది. ఆయన నొచ్చుకోవచ్చు, “నాలుగు నెలల్లో ఎక్కువ నేర్చుకున్నావమ్మా” అనవచ్చు, అంకె పెరగకపోతే వేలు మీవైపే చూపవచ్చు. ఆయన ససేమిరా అంటే అప్పుడు మీకు ఒక విషయం ఖాయంగా తెలుస్తుంది: ఈ సంస్థలో ఈ ఉద్యోగం ప్రస్తుతానికి లేదు. అది తెలిశాక హైదరాబాదు పిలుపును చూసే చూపు వేరుగా ఉంటుంది. నా మొగ్గు ఇటే అని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది, కానీ ఇంటి ఖర్చుల సంగతి నాకు తెలియదు కనుక తుది మాట మీదే.

ఆ గంట కోసం వెళ్లేటప్పుడు ఫిర్యాదులు తీసుకువెళ్లకండి. మూడు కాగితాలు చాలు: స్టార్టర్ పెట్టె మూత ఫోటో, 1,140 నుంచి 85కు జారిన క్రమం, మేత బస్తాలకూ కమిషన్‌కూ మధ్య లెక్క. మూడోది ఆయన తనంతట తాను చూపించమని అడిగేదాకా ఆగండి. అది ఆయన ఆదాయం గురించి, నలుగురిలో మాట్లాడేది కాదు.

ఇంగ్లిషు గురించి. పెద్ద సంస్థలకు వెళ్లదలచుకుంటే, రాతకు సంబంధించినంత వరకు అది కావాలి, నేర్చుకోండి. తప్పులున్నా చిన్న వాక్యాల్లో స్పష్టంగా రాయడం చాలు. మీ ఇప్పటి పనిలో రైతులు తెలుగువారు, డెవలపర్లు తెలుగువారు, యజమానీ తెలుగువారే. మీ ఎనిమిది పేజీల ఉత్తరంలో నాకు ఒక్కచోట కూడా తికమక కలగలేదు. అంత తేటగా సమస్యను రాయగల మనిషి డెవలపర్లకు తెలుగులోనే ఆ ఒక్క పేజీ పంపితే కొంపలేమీ మునగవు. పంపి చూడండి, ఏమన్నారో నాకు రాయండి. మీ నాన్నగారి చెరువులో పనివాడు మేత ఎక్కడ రాసుకుంటున్నాడో కూడా రాయండి. అన్ని ఊళ్లూ తిరిగారు గానీ అక్కడ మాత్రం చూసినట్టు లేరు.